అడవి జంతువును గుద్దిన కారు రిపేరు: ఏ భాగం ఒరిజినల్, ఏది బయటిది, ఏది పాతది?

దుప్పి, మనుబోతు, అడవిపంది లాంటి పెద్ద జంతువు తగిలిన కారు షెడ్డుకొచ్చాక మొదట తేల్చుకోవాల్సింది విడిభాగాల సంగతి. కంపెనీ ఒరిజినల్, బయటి తయారీదారు చేసిన కొత్తది, పాత కారు విప్పి తీసినది. మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి, బిగించాక గానీ తేడా తెలియదు. ఈ సమీక్ష ఆ మూడింటి మీదా, వాటిని బిగించే పని మీదా. మా తీర్పు ముందే చెప్పేస్తాం: దెబ్బను మింగే భాగాలూ, సెన్సర్ల ముందుండే భాగాలూ ఒరిజినలే వేయించండి. రేడియేటర్ లాంటి చల్లబరిచే భాగాల్లో మంచి బయటి సరుకు నిక్షేపంగా నడుస్తుంది. బానెట్, ఫెండర్ లాంటి రేకు భాగాల్లో అదే రంగు పాతది సొట్ట లేకుండా దొరికితే అంతకన్నా మేలైనది లేదు.

రెండు కార్లు ఢీకొంటే బంపరూ బంపరూ తగులుతాయి. బంపర్ వెనకున్న బీమ్, దాని రెండు చివర్లా ఉన్న క్రాష్ బాక్సులు నలిగి దెబ్బను తమ మీద వేసుకుంటాయి. జంతువు దగ్గర ఈ లెక్క పనిచేయదు. పొడుగు కాళ్ల జంతువైతే బంపర్‌కు తగిలేది కాళ్లే. మొండెం బీమ్‌కు పైన, అంటే హెడ్‌ల్యాంపు, గ్రిల్, బానెట్ అంచు, రేడియేటర్ పై సపోర్టు ఉన్న ఎత్తులో వచ్చి పడుతుంది. అక్కడున్నదంతా ప్లాస్టిక్కూ పల్చటి రేకూ. పైకి బంపర్ మీద గీతలు మాత్రమే కనిపిస్తూ, లోపల ఏసీ కండెన్సర్ వెనక్కి వంగి రేడియేటర్‌కు అతుక్కుపోయి ఉండడం ఈ రకం దెబ్బల్లో మామూలే.

అడవిపంది సంగతి వేరు. ఎత్తు తక్కువ, ఒళ్లు గట్టి. బంపర్ కింది అంచును చీల్చి, అడుగున ఉన్న ప్లాస్టిక్ ప్లేటును ఊడదీసి, కారు కిందకు దూరితే ఆయిల్ సంప్, గేర్‌బాక్స్ కూలర్ పైపులు, ఎగ్జాస్ట్ ముందు భాగం దాకా దెబ్బ పోతుంది. లిఫ్ట్ మీద పైకెత్తి చూడకుండా పంది తగిలిన కారుకు ఎస్టిమేట్ రాశారంటే ఆ కాగితం చెల్లదనుకోవచ్చు. ఇక మూస్ (చలిదేశాల్లో ఉండే భారీ దుప్పి) లాంటి 400 కిలోలు దాటే జంతువైతే బంపర్ కాళ్లను కొట్టేస్తుంది, బరువంతా బానెట్ మీదుగా ముందు అద్దానికీ, ఏ-పిల్లర్లకూ (ఆ అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాలు), పైకప్పు ముందు అంచుకూ తగులుతుంది. ముందున్న సెన్సర్లకు చాలినంత కుదుపు అందక ఎయిర్‌బ్యాగులు విచ్చుకోకపోవచ్చు కూడా. అంతమాత్రాన ఎయిర్‌బ్యాగ్ చెడిపోయిందని కాదు.

వేగం గురించి ఒక్క మాట. గంటకు 60 కిలోమీటర్లలో తగిలిన దానికన్నా 80లో తగిలితే దెబ్బలోని శక్తి సుమారు 1.8 రెట్లు. ఎస్టిమేట్ రాసేవారికి జంతువు ఏదో, వేగం ఎంతో నిజం చెబితే ఎక్కడెక్కడ వెతకాలో వాళ్లకు తెలుస్తుంది.

బిల్లు రెట్టింపయ్యేది చాలాసార్లు దెబ్బ తగిలిన చోట కాదు, ఆ తర్వాత నడిపిన నాలుగైదు కిలోమీటర్లలో. రేడియేటర్ చిల్లిపడి కూలెంట్ కారిపోతున్నా, టెంపరేచర్ ముల్లు మామూలుగానే నిలబడి ఉండొచ్చు. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన వేడి చూపిస్తుంది. నీళ్లు దిగిపోయి అది గాలిలో వేలాడుతుంటే ముల్లు కింద ఉండగానే లోపల ఇంజిన్ హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. పైగా అలా నడిపి చెడగొట్టుకున్న ఇంజిన్‌ను ప్రమాదపు నష్టంగా బీమా కంపెనీలు ఒప్పుకోవడం కష్టం. కాబట్టి కారు కింద తడి ఉంటే, అది పచ్చగానో, గులాబీ రంగులోనో, తియ్యటి వాసనతోనో ఉంటే, ఇంజిన్ ఆపి టోయింగ్ బండిని పిలవడమే. ఏసీ నుంచి కారే మామూలు నీటికి రంగూ వాసనా ఉండవు.

తడి లేకపోయినా మూడు చూడాలి. చక్రం మీద లైనర్ ఊడి టైరుకు రాసుకుంటోందా, హెడ్‌ల్యాంపుల్లో కనీసం డిమ్ వెలుగుతోందా, బానెట్ లాక్ పూర్తిగా పడిందా. మొదటి లాక్ వంగి రెండో కొక్కెం మీద మాత్రమే ఆగిన బానెట్ గాలికి లేచి అద్దం మీద పడుతుంది. గట్టి తాడుతో గ్రిల్‌కు కాకుండా లోపలి లోహపు భాగానికి కట్టాలి. గ్రిల్ ప్లాస్టిక్, అది ఆగదు.

కడగడానికి ముందే ఫొటోలు తీయాలి. గ్రిల్ సందుల్లో, హెడ్‌ల్యాంపు అంచుల్లో ఇరుక్కున్న వెంట్రుకలే క్లెయిమ్‌కు అసలైన సాక్ష్యం. జంతువును తప్పించబోయి చెట్టును గుద్దితే కొన్ని పాలసీల్లో అది వేరే పద్దు కింద లెక్క, మీరు కట్టుకోవాల్సిన వాటా కూడా వేరు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీ సొంత కారు నష్టానికి ఏమీ ఇవ్వదు.

ఇక షెడ్డు పని. బంపర్ విప్పకుండా రాసిన ఎస్టిమేట్‌కు మేము విలువ ఇవ్వం. బంపర్ కవర్, హెడ్‌ల్యాంపులు, లైనర్లు విప్పి, రేడియేటర్ సపోర్టు కనిపించాక రాసినదే ఎస్టిమేట్. బ్యాటరీ తీగ విప్పక ముందే స్కానర్ పెట్టి అన్ని కంట్రోల్ యూనిట్ల లోపాలూ చదివి ప్రింటు తీసి పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్, ముందున్న బండిని కనిపెట్టే రాడార్, ఏబీఎస్, గ్రిల్ వెనక తెరుచుకుని మూసుకునే షట్టర్ల మోటారు, ఇవన్నీ ఏదో ఒక కోడ్ రాసి ఉంచుతాయి. డాష్‌బోర్డులో లైటు లేదు కాబట్టి స్కాన్ అక్కర్లేదనే షెడ్డుకు మార్కులు తీసేస్తాం. పని అయ్యాక మళ్లీ స్కాన్ చేసి రెండు కాగితాలూ చేతికివ్వడం మంచి చోట మామూలు పద్ధతి.

విడిభాగాల్లో అన్నిటికన్నా తలనొప్పి హెడ్‌ల్యాంపు. తగిలేది అదే, ఖరీదైనదీ అదే. చాలాసార్లు అద్దం, లోపలి భాగాలు బాగానే ఉండి, వెనక బిగించే ప్లాస్టిక్ చెవులు మాత్రమే విరుగుతాయి. కొన్ని కార్లకు ఆ చెవులు మాత్రమే మార్చే రిపేరు కిట్లు కంపెనీయే అమ్ముతుంది. విరిగిన చెవిని కోసేసి, కొత్తదాన్ని స్క్రూలతో బిగిస్తే పని అయిపోతుంది. మీ మోడల్‌కు ఆ కిట్ ఉందా అని మొత్తం హెడ్‌ల్యాంపు ఆర్డర్ పెట్టక ముందే అడగండి. ఇది అడగనిదే చెప్పరు. వేడిచేసి అతికించిన చెవి, జిగురు పెట్టిన చెవి మాత్రం వద్దు. గతుకుల్లో వెలుగు వణుకుతుంది, కొన్నాళ్లకు ఊడుతుంది.

హాలొజెన్ బల్బు హెడ్‌ల్యాంపులకు పాతది వేయించుకోవచ్చు, చెవులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుని. ఎల్‌ఈడీ వాటిలో పాతది కొనడం కొంచెం జూదమే. లోపలి కంట్రోల్ యూనిట్‌ను కారుకు కోడింగ్ చేయాల్సి రావచ్చు, కొన్ని కార్లలో పాత యూనిట్ కొత్త కారును ఒప్పుకోదు. బయటి తయారీ హెడ్‌ల్యాంపుల మీద మా అభిప్రాయం అంత బాగాలేదు. గాజులా కనిపించే ముందు ప్లాస్టిక్ మీద ఎండ తట్టుకునే పూత పల్చనగా ఉన్నవి తొందరగా పసుపెక్కుతాయి, సీలు సరిగా లేనివాటిలో వాన పడ్డాక ఆవిరి పడుతుంది, వెలుగు కోత గీత (వెలుగు ఆగి చీకటి మొదలయ్యే హద్దు) స్పష్టంగా పడదు. ఏది వేసినా చివర్లో గురి సరిచేయాలి. ఎంత శాతం కిందికి ఉండాలో చాలా కార్లలో హెడ్‌ల్యాంపు మీదో, దగ్గరి స్టిక్కర్ మీదో అచ్చు వేసి ఉంటుంది. 1 శాతం అంటే 10 మీటర్ల దూరంలోని గోడ మీద వెలుగు గీత 10 సెంటీమీటర్లు కిందికి దిగాలి. కారు సమమైన నేల మీద, టైర్లలో సరైన గాలితో, డ్రైవర్ సీటులో మనిషి కూర్చుని ఉండగా చూడాలి.

రేడియేటర్ దగ్గర ఒరిజినల్ కోసం పట్టుబట్టక్కర్లేదు. పేరున్న బయటి తయారీ రేడియేటర్లు బాగానే పనిచేస్తాయి. కొనేటప్పుడు కోర్ మందం, కింది పిన్నుల దూరం, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే కూలర్ పైపుల చోటు పాతదానితో పోల్చి చూడాలి. పల్చటి కోర్ ఉన్నది బిగుసుకుంటుంది గానీ ఎండలో, ఎత్తు ఎక్కేటప్పుడు చేతులెత్తేస్తుంది. పాత రేడియేటర్ మాత్రం ఎప్పుడూ వద్దు. ప్లాస్టిక్ ట్యాంకు వేడికి పెళుసెక్కి ఉంటుంది, బయటికి కనిపించదు. బిగించాక మూత మీద రాసిన ప్రెషర్ దాకా పంపుతో గాలి పట్టి పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. ముల్లు దిగకూడదు. కూలెంట్ రంగు చూసి పోయకూడదు. రంగుకూ రకానికీ ఖచ్చితమైన సంబంధం లేదు, మాన్యువల్‌లో రాసిన ప్రమాణం చూసి పోయాలి, సాధారణంగా గాఢ కూలెంటుకు సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలపాలి. తర్వాత గాలి బుడగలు తీసేయాలి. ఇది సరిగా చేయకపోతే హీటర్ చల్లగా వస్తుంది, ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది.

కండెన్సర్‌ది రేడియేటర్ దారే, కాకపోతే దాంతోపాటు డ్రయర్ మార్చాలి. పగిలిన సిస్టమ్‌లోకి తేమ చేరుతుంది, డ్రయర్ దాన్ని పీల్చేసుకుని నిండిపోతుంది. చాలా కార్లలో డ్రయర్ కండెన్సర్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ఆ ఖర్చు వేరుగా రాస్తే అడగండి. కనీసం అరగంట వాక్యూమ్ పెట్టాలి, పంపు ఆపాక వాక్యూమ్ నిలబడాలి, పోయిన నూనె కొలిచి కలపాలి, గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. బానెట్ కింది స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. చిన్న కార్లలో మొత్తం గ్యాసే అరకిలో అటూఇటూ కాబట్టి, ‘గేజ్ చూసి, చల్లదనం చూసి’ ఎక్కించే పద్ధతిలో 50 గ్రాముల తప్పు జరిగినా ఏసీ పనిలో తేడా తెలుస్తుంది.

బీమ్, క్రాష్ బాక్సులు, వాటి ముందుండే నురుగు దిమ్మె: ఒరిజినల్. వాదన లేదు. బయటి బీమ్ ఇనుము రకం, మందం వేరైతే అది మరో ప్రమాదంలో నలగాల్సినప్పుడు నలగదు, లేదా ముందే నలిగిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఆ నలుగుడునే చదువుతుంది. కొన్ని కార్లలో పాదచారుల రక్షణ కోసం నురుగు దిమ్మె లోపల సన్నటి ట్యూబు, సెన్సర్లు ఉంటాయి. జంతువు కాళ్లు తగిలి ఆ వ్యవస్థ పనిచేస్తే బానెట్ వెనక అంచును పైకి లేపే మందుగుండు పరికరాలు పేలిపోయి ఉంటాయి. అవి ఒక్కసారి వాడేవి, మార్చాల్సిందే. వంగిన బీమ్‌ను వేడిచేసి సరిచేస్తామన్న చోట కారు దించకండి.

బంపర్ కవర్ దగ్గర కాస్త ఆగాలి. పగిలిన కవర్‌ను ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి, పుట్టీ పెట్టి, రంగు వేయడం చాలా కార్లకు సరైన, చవకైన పనే. అయితే గ్రిల్ చిహ్నం వెనకో, బంపర్ వెనకో రాడార్ ఉంటే దాని ముందున్న చోట పుట్టీ, వెల్డింగ్, రంగు మీద రంగు పనికిరావు. మందం పెరిగినా, లోహపు రజను ఉన్న రంగు ఎక్కువ పొరలు పడినా రాడార్ అలలు చెదిరిపోతాయి. రాడార్ ముందు భాగం దెబ్బతింటే కొత్త కవర్ ఒక్కటే దారి, అదీ ఒరిజినల్. బయటి చిహ్నం అచ్చం అలాగే ఉన్నా అది రాడార్ దాటగలిగే రకం కాకపోవచ్చు.

రాడార్ బ్రాకెట్ వంగితే కంటికి తెలియదు. 1 డిగ్రీ పక్కకు తిరిగిన రాడార్ 100 మీటర్ల దూరంలో సుమారు 1.75 మీటర్లు పక్కకు చూస్తుంది, అంటే పక్క లేన్‌లోని బండిని మన ముందున్నదిగా అనుకోవచ్చు. అందుకే బంపర్ విప్పి బిగించిన ప్రతిసారీ కేలిబ్రేషన్ (దాని గురిని కొలిచి సరిచేయడం) కావాలా అని కారు తయారీదారు పద్ధతిని చూడాలి. ముందు అద్దం మారిస్తే అద్దం వెనకున్న కెమెరాకూ అంతే. కొన్నిటికి కారు ముందు కొలిచిన దూరంలో బోర్డులు పెట్టి చేస్తారు, కొన్నిటికి రోడ్డు మీద నడుపుతూ చేస్తారు, కొన్నిటికి రెండూ కావాలి. చక్రాల అలైన్‌మెంట్ ముందు, కేలిబ్రేషన్ తర్వాత. ఈ వరుస తిరగబడితే రెండో పని వృథా, ఎందుకంటే కెమెరా కారు నడిచే దిశను ఆధారం చేసుకుంటుంది.

అద్దం అతికించే జిగురు ఎంతసేపటికి గట్టిపడుతుందో ఆ ట్యూబు మీదే రాసి ఉంటుంది, తేమనూ వేడినీ బట్టి మారుతుంది. అంతకు ముందు కారు ఇవ్వమని షెడ్డును తొందరపెట్టకండి. చాలా కార్లలో పక్కసీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఆనుకునేది ఆ అద్దానికే.

బానెట్, ఫెండర్లు. ఉక్కు బానెట్ మీద సొట్ట మెత్తగా ఉంటే టింకరింగ్ సరిపోతుంది. లోపలి అస్థిపంజరం మడత పడితే వదిలేయాలి, ఎంత కొట్టినా అంచు ఎక్కడో ఒకచోట పైకి లేస్తుంది. అల్యూమినియం బానెట్ సాగితే గట్టిపడి చీలుతుంది. దానికి వేరే పనిముట్లు ఉండాలి, ఉక్కు రజను అంటిన సుత్తితో కొడితే తర్వాత రంగు కింద పొంగులు వస్తాయి. బయటి తయారీ ఫెండర్లలో రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు ఉండడం తరచూ కనిపించే లోపం. రంగు వేయక ముందే బిగించి సందులు చూడాలి. అమెరికాలో 1987 నుంచి ఉన్న కాపా అనే సంస్థ బయటి విడిభాగాలకు సర్టిఫికెట్ ఇస్తుంది, ఆ ముద్ర ఉన్నవి ఈ విషయంలో నయం. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు రెండువైపులా ఒకేలా ఉండాలి, సాధారణంగా 3 నుంచి 5 మి.మీ. ఒకవైపు వెడల్పయి, మరోవైపు ఇరుకైతే హింజ్ వంగిందో, రేడియేటర్ సపోర్టు పక్కకు జరిగిందో తేల్చాలి. అక్కడ రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేసి సర్దడం దొంగపని. దెబ్బ లోపలి చాసిస్ రైలు (కారు పొడవునా ఉండే లోహపు దూలం) దాకా పోయిందనే అనుమానం ఉంటే కొలతల బల్ల మీద పెట్టాలి, ఫ్యాక్టరీ కొలతకు 3 మి.మీ. లోపు తేడాను సాధారణంగా ఒప్పుకుంటారు.

రంగు గురించి క్లుప్తంగా: మెటాలిక్ రంగు కారుకు ఫెండర్ ఒక్కదానికే వేస్తే పక్క డోర్‌తో తేడా కొడుతుంది. డోర్ మీదికి రంగును సన్నగా కలుపుకుంటూ పోయి, క్లియర్ (పైన వేసే రంగులేని పూత) మాత్రం డోర్ మొత్తానికీ వేయాలి. ఎస్టిమేట్‌లో డోర్ పేరు కనిపిస్తే మోసమని గొడవపడకండి.

శుభ్రం చేసే పనిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, వాసన వచ్చాక గానీ గుర్తురాదు. గ్లవ్స్, మాస్కు తప్పనిసరి, పిడుదులు ఉంటాయి. రక్తాన్ని ముందు చన్నీటితో కడగాలి. వేడినీళ్లు పోస్తే గడ్డకట్టి పట్టేస్తుంది. తర్వాత ఎంజైమ్ క్లీనర్. వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ కౌల్ విప్పి లోపల చూడాలి, క్యాబిన్‌లోకి గాలి అక్కడి నుంచే వస్తుంది. క్యాబిన్ ఫిల్టర్ మార్చడం ఖర్చుతో పోలిస్తే చాలా లాభం. ఏసీ వేసినప్పుడల్లా కుళ్లు వాసన వస్తోందంటే ఎక్కడో ఒక ముక్క మిగిలిపోయిందని అర్థం. పాత కండెన్సర్‌నే ఉంచేస్తే దాని రెక్కల్లోని వెంట్రుకలను ప్రెషర్ వాషర్‌తో దగ్గరి నుంచి కొట్టకూడదు, రెక్కలు పడుకుండిపోతాయి.

ఎలక్ట్రిక్ కారైతే ముందువైపు నారింజ రంగు తీగలు, బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ పైపులు కనిపిస్తాయి. వాటికి గీత పడ్డా శిక్షణ ఉన్నవాళ్లు తప్ప మరొకరు చేయి పెట్టకూడదు. అక్కడ విడిభాగాల ఎంపిక గురించి చర్చే అనవసరం.

ఇదంతా మళ్లీ రాకుండా అమ్మే సరుకు రెండు రకాలు. ఇనుప గార్డు తక్కువ వేగంలో హెడ్‌ల్యాంపును కాపాడుతుంది, నిజమే. కానీ చాసిస్‌కు నేరుగా బిగించిన గార్డు, క్రాష్ బాక్సులు నలగాల్సిన దెబ్బను తిన్నగా చాసిస్ రైలులోకి పంపుతుంది, ఎయిర్‌బ్యాగ్ స్పందించే సమయం మారిపోతుంది, రాడార్‌కు అడ్డం వస్తుంది, పాదచారికి మరింత ప్రమాదం. కొన్ని దేశాల్లో చట్టరీత్యా నిషేధం కూడా. ఆ కారు మోడల్‌కే పరీక్షించినది, ఎయిర్‌బ్యాగ్‌కు సరిపోతుందని తయారీదారు రాసిచ్చినది తప్ప మరొకటి మేము సిఫార్సు చేయం.

రెండోది బంపర్‌కు అతికించే ఈల. గాలికి మోగి జంతువును తరిమేస్తుందని అమ్ముతారు. చాలావాటి శబ్దం 16 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుందని చెబుతారు. తెల్లతోక జింక చెవి బాగా పట్టుకునేది 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. వినబడినా అది పారిపోవాలనేమీ లేదు, నిలబడి చూస్తుంది. సున్నా మార్కులు. రాడార్ ముందు అతికిస్తే సున్నా కన్నా తక్కువ.